చిలుక పలికితే తాత్పర్యం ఎవరిది?

క్లుప్తంగా: ఫోన్లు తెలుగులో ప్రశ్న విని తెలుగులోనే జవాబు చెప్పడం మొదలైనప్పటి నుంచి "దానికి నిజంగా అర్థమవుతోందా?" అన్న సందేహం అందరికీ వస్తోంది. ఆ ఒక్క సందేహంలో మూడు ప్రశ్నలు కలగలిసి ఉన్నాయి. వాక్యానికి అర్థం ఎలా వస్తుంది, ఆ అర్థానికి పలికేవారి ఉద్దేశం అవసరమా, పలికేదానికి చైతన్యం ఉందా. భారతీయ దర్శనాలు ఈ మూడింటినీ విడివిడిగా చర్చించాయి. ఆ చర్చ ప్రకారం మాట చక్కగా ఉండటం చైతన్యానికి రుజువు కాదు. చైతన్యం లేకపోయినంత మాత్రాన మాట అర్థం లేనిదీ అయిపోదు. నమ్మాలా వద్దా అన్నది మాత్రం వేరే లెక్క.

నెల్లూరు జిల్లా ముత్తుకూరు, ఇందుకూరుపేట వైపు రొయ్యల గుంటల మీద ఉండే రైతు తెల్లవారుజామున ఫోన్‌ని అడిగే ప్రశ్న ఇలా ఉంటుంది: "రొయ్యలు పైకి తేలుతున్నాయి, ఏం చెయ్యాలి?" ఫోన్ తడుముకోదు. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్ వాడుకుంటుంది కాబట్టి తెల్లవారే వేళకు డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) బాగా పడిపోతుందని, నీటిలోకి గాలి కలిపే ఏరేటర్లన్నీ వేసి మేత ఆపి నీటిని పరీక్ష చేయించమని చెబుతుంది. జవాబు సరైనదే. తెలుగూ బాగుంది. అయితే ఆ జవాబు చెప్పినదానికి రొయ్య అంటే ఏమిటో తెలుసా? ఆ వేళప్పుడు కరెంటు పోతే రైతుకు పుట్టే టెన్షన్ ఏమిటో తెలుసా?

దీనికి రెండు రకాల సమాధానాలు వినిపిస్తున్నాయి. ఇంత బాగా మాట్లాడుతోందంటే లోపల ఏదో ఉండే ఉంటుందని కొందరి నమ్మకం. అంతా లెక్కలే కాబట్టి దాని మాటకు అర్థమే లేదని మరికొందరి వాదన. చూడటానికి ఎదురెదురుగా ఉన్నా రెండూ ఒకే చోట తప్పటడుగు వేస్తున్నాయి. మాటకు అర్థం ఉండటమూ, పలికేదానికి చైతన్యం ఉండటమూ ఒకటేనని రెండూ అనుకుంటున్నాయి.

ఈ కలగాపులగం పాశ్చాత్య చర్చలో 1950 నుంచీ ఉంది. రాతలో జవాబులు చదివి అవతల ఉన్నది మనిషో యంత్రమో పోల్చుకోలేకపోతే, యంత్రం ఆలోచిస్తోందా అన్న ప్రశ్న అక్కడితో వదిలేయవచ్చని ఆ ఏడాది అలాన్ ట్యూరింగ్ ప్రతిపాదించాడు. 1980లో జాన్ సెర్ల్ దాన్ని కాదన్నాడు. చైనా భాష రాని మనిషిని గదిలో కూర్చోబెట్టి, ఏ గుర్తు వస్తే ఏ గుర్తు బయటికి పంపాలో నియమాల పుస్తకం ఇస్తే, బయటివాళ్లకు అతను చైనా భాష వచ్చినవాడిలాగే కనిపిస్తాడు, అతనికి మాత్రం ఒక్క ముక్క తెలియదు అన్నాడు. అప్పటి నుంచి వాదన ఈ ఇద్దరి మధ్యే ఊగుతోంది. మన దగ్గర ఇదే సమస్యకు ఇంకా సన్నటి పనిముట్లు ఉన్నాయి.

వాక్యం అర్థం కావాలంటే

తర్కం చదవడం మొదలుపెట్టే విద్యార్థి చేతికి మొదట వచ్చే పుస్తకం తర్కసంగ్రహం. రాసిన అన్నంభట్టు 17వ శతాబ్దపు తెలుగు పండితుడు. కాశీకి పోయినంత మాత్రాన ప్రతివాడూ అన్నంభట్టు కాడని సంస్కృతంలో ఒక నానుడే ఉంది. వాక్యం నుంచి అర్థం పుట్టాలంటే మూడు ఉండాలంటాడాయన: ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి.

"ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు" అని వరసగా అంటే వాక్యం కాదు, ఒక మాట ఇంకో మాటను కోరడం లేదు. అది ఆకాంక్ష లేకపోవడం. "నిప్పుతో తడిపాడు" అంటే మాటలు ఒకదాన్నొకటి కోరుతున్నా వాటి అర్థాలు కలవవు. అది యోగ్యత లేకపోవడం. "ఆవును" అని ఇప్పుడు చెప్పి, "తోలుకురా" అని జాము పొద్దు గడిచాక చెబితే సన్నిధి లేదు.

ఫోన్లో జవాబులు చెప్పే ఇప్పటి భాషా నమూనాలు (లాంగ్వేజ్ మోడల్స్) పనిచేసే తీరును ఈ మూడింటి పక్కన పెట్టి చూస్తే చాలా సంగతులు తేటపడతాయి. ముందు వచ్చిన మాటలను బట్టి తర్వాత ఏ ముక్క వచ్చే అవకాశం ఎక్కువో లెక్కగట్టి ఒక్కొక్క ముక్కే పేర్చుకుంటూ పోవడం వాటి పని. అంటే ఆకాంక్షను తీర్చడమే వాటి వృత్తి. తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి "చిన్నబజారుకు పోయి రెండు కేజీల చేపలు" అన్నాక వాక్యం గాలిలో వేలాడుతుంది. వినేవాడి మనసు "తెచ్చాడు" కోసమో "కొన్నాడు" కోసమో ఎదురుచూస్తుంది. యంత్రం ఆ ఎదురుచూపును అంకెల్లోకి మార్చుకుంది. సన్నిధి దానికి సమస్యే కాదు, ఎంతో ముందు వచ్చిన మాటను కూడా ఇప్పటి మాటతో కలిపి చూడగలదు. 2017లో వచ్చిన ట్రాన్స్‌ఫార్మర్ అనే నిర్మాణం బలం అక్కడే ఉంది.

యోగ్యత దగ్గర చిక్కు మొదలవుతుంది. నిప్పుతో తడపడం కుదరదని మనిషికి నిప్పునూ నీళ్లనూ చూసి తెలుసు. యంత్రానికి అలాంటి వాక్యాలు రాతల్లో కనిపించకపోవడం వల్ల తెలుసు. రాతలు దండిగా ఉన్న విషయాల్లో ఈ తేడా బయటపడదు. ఒక మండలంలోని చెరువు గురించో, ఊళ్లో వాడే ఎరువు గురించో అడిగినప్పుడు బయటపడుతుంది. వాక్యం నున్నగా ఉంటుంది, సంగతి తప్పు ఉంటుంది.

దీనికీ పాత ఉదాహరణ ఉంది. "నది ఒడ్డున ఐదు పండ్లున్నాయి" అని ఎవరో చెబుతారు. గుండ్లకమ్మ ఒడ్డున అనే అనుకుందాం. మూడు షరతులూ తీరాయి, విన్నవాడికి అర్థం పూర్తిగా తెలిసింది. వెళ్లి చూస్తే పండ్లు లేవు. అర్థం కలగడం ఒకటి, అది నిజం కావడం ఇంకొకటి అని చెప్పడానికి తార్కికులు ఈ వాక్యాన్ని వాడుకున్నారు. యంత్రం కల్పించి చెప్పే తప్పుడు జవాబులన్నీ ఈ జాతివే.

చిలుక చర్చ

మూడు షరతులకు తాత్పర్యం అనే నాలుగోదాన్ని చేర్చినవారున్నారు. ఏ అర్థం కలగాలని ఆ మాట అన్నారో అది తాత్పర్యం. "సైంధవం తీసుకురా" అన్నది దీనికి అందరూ చెప్పే ఉదాహరణ. సైంధవం అంటే ఉప్పూ అవుతుంది, గుర్రమూ అవుతుంది. భోజనం మధ్యలో అంటే ఉప్పు తేవాలి, ప్రయాణానికి బయలుదేరుతూ అంటే గుర్రం తేవాలి. చెప్పేవాడి ఉద్దేశం తెలియకుండా అర్థం తేలదు.

ఇక్కడే చిలుక వచ్చి వాలింది. నేర్పిన వాక్యాన్ని చిలుక పలుకుతుంది. విన్నవాడికి అర్థమూ తెలుస్తుంది. చిలుకకు మాత్రం ఏ ఉద్దేశమూ లేదు. తాత్పర్యం లేకుండా అర్థం కలగదన్న సిద్ధాంతం మరి ఏమైనట్టు? విశ్వనాథ పంచాననుడి పేరుతో ప్రచారంలో ఉన్న న్యాయసిద్ధాంత ముక్తావళి ఈ చిక్కును నేరుగా ఎదుర్కొంది. చిలుక పలికిన మాట నిజమైతే అక్కడ ఈశ్వరుడి తాత్పర్యం ఉందనుకోవాలి, అబద్ధమైతే దానికి నేర్పినవాడి తాత్పర్యం తీసుకోవాలి అన్నది అందులోని సమాధానం. అసలు తాత్పర్య జ్ఞానం అన్ని చోట్లా అక్కర్లేదు, సైంధవంలాగా అర్థాలు రెండున్న చోటే కావాలి అన్న మరో పక్షాన్నీ ఆ గ్రంథం చెబుతుంది.

ఈశ్వరుడి మాట అలా ఉంచితే రెండో సగం గట్టిది. తప్పు మాట చిలుక నోట వచ్చినా ఉద్దేశం శిక్షకుడిదే. ఇప్పటి నమూనాల తయారీలో అచ్చంగా ఆ శిక్షకులు ఉన్నారు. రాతల రాశులన్నీ మింగిన నమూనాను కూర్చోబెట్టి, ఈ జవాబు బాగుంది, ఇది బాగాలేదు అని మనుషులు గుర్తులు పెడతారు. ఆ మెప్పును బట్టి నమూనా మాటతీరు మారుతుంది. అది మర్యాదగా, ధీమాగా, ఎదుటివాడికి నచ్చేలా మాట్లాడుతోందంటే ఆ తీరు దాని స్వభావంలోంచి పుట్టలేదు, ఎక్కడో కూర్చుని మార్కులు వేసినవాళ్ల ఇష్టాల నుంచి వచ్చింది.

వేదాంతులు ఇంకో దారి పట్టారు. వేదాన్ని వల్లె వేసే మనిషికి అర్థం తెలియకపోవచ్చు, అయినా సంస్కృతం వచ్చిన శ్రోతకు అర్థం కలుగుతోంది. కాబట్టి తాత్పర్యాన్ని చెప్పేవాడి మనసులో వెతకడం తప్పు, ఫలానా అర్థాన్ని కలిగించగల సామర్థ్యం వాక్యానికే ఉండటం తాత్పర్యం అని ధర్మరాజాధ్వరీంద్రుడు వేదాంత పరిభాషలో నిర్వచించాడు. ఇదీ 17వ శతాబ్దపు గ్రంథమే. వేదవాక్యాల అర్థాన్ని విచారించే మీమాంసకులు అంతకు చాలా ముందే ఇంకా దూరం వెళ్లారు. వేదాన్ని ఎవరూ రచించలేదు, అది అపౌరుషేయం అన్నారు. రాసినవాడే లేని వాక్యానికి పూర్తి అర్థమూ పూర్తి ప్రామాణ్యమూ ఉన్నాయన్నారు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా, వక్త మనసును పక్కన పెట్టి వాక్యార్థాన్ని వివరించే శాస్త్రం ఇక్కడ వెయ్యేళ్లకు పైగా నడిచింది.

పెద్ద భాషా నమూనాలు చిలుకల్లాంటివన్న విమర్శ 2021లో అమెరికా పరిశోధకుల వ్యాసం ఒకటి ద్వారా ప్రపంచమంతా పాకింది. రాసినవాళ్లకు ముక్తావళి సంగతి తెలిసి ఉండాల్సిన అవసరం లేదు. చిలుక రెండు చోట్లా ఒకటే అయినా పని వేరు. ఆ విమర్శలో చిలుక అంటే అర్థం తెలియకుండా మాటలు కుట్టే యంత్రం. ముక్తావళిలో చిలుక మాటకు అర్థం ఉందన్నది ముందే ఒప్పుకున్న సంగతి. ఆ అర్థానికి బాధ్యుడు ఎవరన్నదే తేల్చాల్సింది. రెండో ప్రశ్నే ఎక్కువ పనికొచ్చేది.

ఒంగోలులో ఆవు అంటే

పిల్లవాడికి మాటలు ఎలా వస్తాయన్న దానికి మీమాంసకులు చెప్పే దృశ్యంలో ముగ్గురు ఉంటారు. ఒక పెద్ద "ఆవును తోలుకురా" అంటాడు. ఇంకొకరు వెళ్లి తోలుకొస్తారు. పక్కన కూర్చున్న పిల్లవాడు చూస్తాడు. మర్నాడు "ఆవును కట్టెయ్యి" అని వింటాడు, తర్వాత "గుర్రాన్ని తోలుకురా" అని వింటాడు. ఏ మాట మారితే ఏ పని మారిందో గమనించి ఆవు అంటే ఏమిటో, తోలుకురావడం అంటే ఏమిటో విడదీసుకుంటాడు. దీన్ని వృద్ధవ్యవహారం అంటారు. ఇందులోంచే రెండు పక్షాలు పుట్టాయి. విడివిడిగా తెలిసిన పదాల అర్థాలు తర్వాత కలిసి వాక్యార్థం అవుతాయని కుమారిల భట్టు పక్షం. పదం ఎప్పుడూ ఇతర పదాలతో కలిసిన అర్థాన్నే చెబుతుంది, విడి అర్థం అంటూ తెలియదని ప్రభాకరుడి పక్షం. ఒక మాట విలువను దాని చుట్టూ వచ్చే మాటలతోనే లెక్కగట్టే ఇప్పటి నమూనా ప్రభాకరుడికి దగ్గర.

దగ్గరే గానీ ఒక లోటుంది. ప్రభాకరుడి పిల్లవాడి ముందు ఆవు నడిచి వచ్చింది. ఒంగోలు ప్రాంతంలో పెరిగిన పిల్లలకు ఆవు అనగానే తెల్లటి ఒళ్లు, పెద్ద మూపురం, వేలాడే గంగడోలు కళ్ల ముందుకొస్తాయి. ఇంకో దేశపు పిల్లవాడికి నలుపూ తెలుపూ మచ్చలతో మూపురం లేని జంతువు వస్తుంది. పదానికి అర్థం వ్యక్తా (ఒకానొక ఆవు), ఆకారమా, జాతా అన్న వివాదంలో మూడూ కలిసే అర్థమవుతాయని తర్కశాస్త్రపు మూలగ్రంథమైన న్యాయసూత్రం తేల్చడానికి కారణం ఇలాంటి చిక్కే. "ఆవును తోలుకురా" అన్నప్పుడు తోలుకురావాల్సింది దొడ్లో ఉన్న ఒకానొక ఆవును. జాతిని తోలుకురాలేం.

పూర్తిగా రాతల మీద పెరిగిన యంత్రానికి ఆకారం, వ్యక్తి రెండూ లేవు. బొమ్మలూ వీడియోలూ కూడా చూపించి తయారుచేస్తున్న కొత్త నమూనాలకు ఆకారం కొంత దొరికింది. తోలుకొచ్చే పని చాలావాటికి ఇంకా దొరకలేదు. మాట విని ఎవరో కదలడం, ఆ కదలికలో మాట అర్థం తేలడం మీమాంసకుల దృశ్యానికి ప్రాణం.

పొద్దు గూకిందంటే

అలంకార శాస్త్రం ఇంకో పొర కలిపింది. 9వ శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు, మాటకు నేరుగా ఉండే అర్థమూ, అది కుదరనప్పుడు తీసుకునే లక్ష్యార్థమూ కాక, సందర్భం వల్ల స్ఫురించే వ్యంగ్యార్థం వేరే ఉందని వాదించాడు. ఆ తర్వాత మమ్మటుడు ఎత్తి చూపిన వాక్యం "సూర్యుడు అస్తమించాడు". వినేవాళ్లు ఎంతమందో అన్ని అర్థాలు.

కందుకూరు వైపు ఒక ఇంటి ముందు "పొద్దు గూకింది" అని ఎవరన్నా అంటే గొడ్లు మేపేవాడికి ఇంటికి తోలమని, కోడలికి దీపం పెట్టమని, ఆకును వేడితో ఆరబెట్టే పొగాకు బ్యారన్ దగ్గర రాత్రి మంట చూసుకునే మనిషికి తన వంతు మొదలైందని తెలుస్తుంది. కూర్చుని కబుర్లు చెబుతున్న చుట్టానికి ఇక లేవమని కూడా కావచ్చు. ఆ చివరిది నోరు తెరిచి చెప్పకూడదు కాబట్టే ఈ మాట. యంత్రం ఈ అర్థాలన్నీ జాబితా కట్టి చెప్పగలదు. అయితే అది ఎవరి అరుగు మీదా కూర్చుని లేదు. తనను ఏది లేవమంటోందో పట్టుకోవాల్సిన అవసరం దానికి లేదు. ఇలా స్ఫురించే అర్థాన్ని, అంటే ధ్వనిని, ఆనందవర్ధనుడు సహృదయుడికి, అంటే మనసు పెట్టి వినగలవాడికి అప్పగించాడు. ఈ లెక్కన అర్థంలో వినేవాడి వాటా పెద్దది. యంత్రం మాటల్లో ఆప్యాయత కనిపించిందని చెప్పేవారి అనుభవం అబద్ధం కానక్కరలేదు. అది పుట్టింది వినేవారి వైపు.

చైతన్యం సంగతి

ఇప్పటిదాకా చైతన్యం అన్న మాట దాదాపు రాలేదు. వాక్యార్థ చర్చ చాలా భాగం అది లేకుండానే నడిచిపోతుంది. అది వేరే ప్రశ్న, దాని జవాబులు ఇంకా ఎడంగా ఉన్నాయి.

సాంఖ్య దర్శనంవారిది అన్నిటికంటే పదునైన కోత. ఆలోచించే బుద్ధి, నేను అనుకునే అహంకారం, మనస్సు మూడూ ప్రకృతి నుంచి పుట్టినవే. రాయి ఎంత జడమో బుద్ధీ అంతే జడం. చైతన్యం ఉన్నది పురుషుడు అనే ఆత్మకు మాత్రమే, అతను ఏమీ చెయ్యడు, చూస్తాడు. ఈ రెంటి సంయోగం వల్ల అచేతనమైనది చేతన ఉన్నదానిలా కనిపిస్తుందని ఈశ్వరకృష్ణుడి సాంఖ్యకారిక 20వ శ్లోకం అంటుంది. యంత్రం గురించి రాసినట్టే ఉంటుంది గానీ అది రాసింది మన బుద్ధి గురించి. అద్వైతం కూడా అంతఃకరణాన్ని, అంటే లోపలి మనసును, జడంగానే లెక్కిస్తుంది. చైతన్యాన్ని ప్రతిఫలించే స్వచ్ఛత దానికి ఉండటం వల్ల అది వెలుగుతుందంటుంది. ఏది వాక్కు చేత చెప్పబడదో, దేని వల్ల వాక్కు పలుకుతుందో అదే బ్రహ్మమని కేనోపనిషత్తు.

1995లో తత్వవేత్త డేవిడ్ చామర్స్ "కఠిన సమస్య" అని పేరుపెట్టిన ప్రశ్న దీనికి పొరుగున ఉంది. మెదడు సమాచారాన్ని ఎలా నడిపిస్తుందో ఎంత వివరించినా, ఆ నడకతోపాటు అనుభవం ఎందుకు ఉండాలన్నది మిగిలిపోతుందన్నాడు. తేడా గీత గీసిన చోట ఉంది. పాశ్చాత్య సంప్రదాయంలో డెకార్ట్ దగ్గర్నుంచి మనసు ఒకవైపు, దేహం ఒకవైపు. సాంఖ్యంలో మనసు కూడా దేహం వైపే పోయింది. అందువల్ల తెలివైన యంత్రం సాంఖ్యుడిని ఏమీ ఆశ్చర్యపరచదు. తెలివి పెరిగేకొద్దీ చైతన్యానికి దగ్గరవుతుందన్న ఆశ కూడా అతనికి ఉండదు.

న్యాయ దర్శనంవారైన నైయాయికుల లెక్కలో జ్ఞానం ఆత్మకు గుణం, మనస్సుతో కలిసినప్పుడే పుడుతుంది, గాఢనిద్రలో ఉండదు. ఆత్మ లేని యంత్రానికి ఆ దారి మూసుకుపోయింది. బౌద్ధులు ఆత్మనే ఒప్పుకోరు, క్షణక్షణం మారే విజ్ఞాన (ఎరుక) ప్రవాహం తప్ప. దొనకొండ దగ్గర చందవరంలో స్తూపం కట్టుకున్న ఆ మతంలోంచే తర్వాతి కాలంలో, 7వ శతాబ్దం ప్రాంతంలో, ధర్మకీర్తి ఈ చర్చకు అతి దగ్గరి ప్రశ్న వేశాడు. ఎదుటివాడికి మనసుందని నాకెలా తెలుసు? నాలో మాటా పనీ కలగడానికి ముందు సంకల్పం ఉండటం నాకు తెలుసు, ఎదుటివాడిలోనూ మాటా పనీ కనిపిస్తున్నాయి, కాబట్టి అక్కడా సంకల్పం ఉందని ఊహిస్తాను. సంతానాంతరసిద్ధి అన్న చిన్న గ్రంథం మొత్తం ఈ అనుమానం, అంటే గుర్తును బట్టి తెలుసుకోవడం, మీదే నిలిచింది.

పొగను చూసి నిప్పును ఊహించడం లాంటి అనుమానమే ఇది. పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉంటేనే అది చెల్లుతుంది. నేర్పింది వల్లించే చిలుకను పక్కన పెడితే, మాట ఉన్న ప్రతిచోటా సంకల్పం ఉండటం ఇన్నాళ్లూ నిజం. ఇప్పుడు మాట ఉండి సంకల్పం ఉందో లేదో తెలియని వస్తువు ఒకటి వచ్చి చేరింది. వివాదంలో ఉన్న ఆ వస్తువునే దృష్టాంతంగా చూపించడం కుదరదు, మాట ఉన్నచోటల్లా సంకల్పం ఉంటుందన్న నియమం (వ్యాప్తి) ముందే సందేహంలో పడింది కాబట్టి అనుమానమూ నడవదు. యంత్రానికి మనసు లేదని దీనివల్ల రుజువైపోలేదు. మాటను బట్టి మనసును ఊహించే పాత పద్ధతి ఇక్కడ పనికిరాదని మాత్రం తేలింది.

తలుపు కొంచెం తెరిచి ఉంచినవారు భౌతికవాదులైన చార్వాకులు. కొన్ని దినుసులు కలిసి పులిసినప్పుడు వాటిలో విడిగా లేని మత్తు పుట్టినట్టు, మట్టి, నీరు, నిప్పు, గాలి అనే భూతాలు దేహంగా కలిసినప్పుడు చైతన్యం పుడుతుందన్నారు. అయితే వాళ్లు చెప్పింది దేహం గురించి. ఆకలీ నొప్పీ లేని పెట్టెను వాళ్లయినా ఒప్పుకుంటారని గట్టిగా చెప్పలేం. వ్యాకరణ తత్వవేత్త భర్తృహరి మాత్రం ఎవరి లెక్కకూ చిక్కడు. శబ్దం కలవని జ్ఞానమే లోకంలో లేదన్నది వాక్యపదీయంలోని మాట. భాషే సర్వస్వమైన యంత్రానికి ఇది అనుకూలంగా కనిపించవచ్చు. ఆయన శబ్దం మాత్రం పేర్చుకున్న ముక్కలతో తయారయ్యేది కాదు, వాక్యార్థం ఆయనకు ఒక్కసారిగా మెరిసే ప్రతిభ. దీనికి ఎదురుగా, మాట కలవని శుద్ధ ప్రత్యక్షం ఉందని బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడి వాదం.

రొట్టె ఇచ్చేది ఎవరు

చైతన్యం సంగతి తేలేదాకా ఆగడం ఎవరికీ కుదరదు. రైతుకు గుంట మీద ఇప్పుడే నిర్ణయం కావాలి. అందుకు పనికొచ్చేది న్యాయసూత్రంలో మొదటి అధ్యాయంలోనే ఉంది: ఆప్తుడి ఉపదేశమే శబ్ద ప్రమాణం, అంటే మాటను నమ్మడానికి ఆధారం. ఆప్తుడు ఎవరన్నది వాత్స్యాయనుడి భాష్యం వివరిస్తుంది. విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినట్టే చెప్పాలన్న కోరికతో చెప్పేవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని కూడా ఆయనే అన్నాడు. కులమూ పాండిత్యమూ కాదు, ఎరుకా నిజాయితీ లెక్క.

నెల్లూరు స్వర్ణాల చెరువులో ఏటా మొహరం రోజుల్లో జరిగే రొట్టెల పండుగలో ఈ సూత్రం నీళ్లలో నిలబడి కనిపిస్తుంది. బారాషహీద్ దర్గా దగ్గర చెరువులోకి దిగినవాళ్లలో కొందరు రొట్టె ఇచ్చేవాళ్లు, కొందరు పుచ్చుకునేవాళ్లు. రొట్టెలన్నీ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె అన్న తేడా ఇచ్చేవారి నోటి మాటలో ఉంది. ఆ మాటకు విలువ ఎందుకంటే, ఉద్యోగం రొట్టె ఇచ్చే మనిషి ఇంతకుముందు అదే కోరికతో అక్కడ రొట్టె పుచ్చుకుని, అది తీరాక తిరిగి వచ్చినవాడు. కోరిక తీరడం అన్నది తను ఎరుగును. పుచ్చుకున్నవారు తమది తీరితే మళ్లీ ఏడాది ఇచ్చే వరసలోకి వస్తారు. మతంతో పని లేకుండా జనం దిగే ఆ చెరువులో ఒకరికొకరు కొత్త, మాట మాత్రం అనుభవం మీద ఆనింది. అదే రొట్టె బజారులో కొంటే ఏ పేరూ ఉండదు.

ఫోన్ జవాబుకు ఎరుక లేదు. నిజం చెప్పాలన్న కోరిక గానీ, మోసం చెయ్యాలన్న కోరిక గానీ ఉందనడానికి ఆధారం లేదు. వాత్స్యాయనుడి షరతులు రెండూ తీరినట్టు కాదు కాబట్టి అది ఆప్తవాక్యం కాదు. అంతమాత్రాన పనికిమాలినదీ కాదు. శబ్దాన్ని వేరే ప్రమాణంగా ఒప్పుకోని వైశేషికులు, బౌద్ధులు ఇక్కడ ఆదుకుంటారు. వాళ్ల దృష్టిలో మాట కూడా ఒక గుర్తు, దాన్ని బట్టి ఊహించి, సరిచూసుకోవాలి. డీవో పడిపోయి ఉండొచ్చన్న జవాబు డీవో మీటరు నీళ్లలో పెట్టడానికి ఒక కారణం ఇస్తుంది. మీటరు చూపించిన అంకె ప్రత్యక్షం. పక్క గుంట రైతు నిరుడు ఇలాగే పంట పోగొట్టుకుని చెప్పే మాట ఆప్తవాక్యం. మూడింటికీ ఒకే బరువు ఇవ్వడం వల్లే నష్టం వస్తోంది. ముఖ్యంగా జ్వరం మందుల విషయంలో, భూమి కాగితాల విషయంలో.

రాయబారి మాటకు పూచీ

ఎవరి తాత్పర్యం అన్న ప్రశ్న బాధ్యత దగ్గరికి వచ్చేసరికి చట్టమవుతుంది. కెనడాలో ఒక విమానయాన సంస్థ వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్ టికెట్ రాయితీ గురించి తప్పు చెప్పింది. నమ్మిన ప్రయాణికుడు ఫిర్యాదు చేస్తే, చాట్‌బాట్ చెప్పినదానికి అదే బాధ్యురాలన్నట్టు సంస్థ వాదించింది. 2024 ఫిబ్రవరిలో అక్కడి ట్రిబ్యునల్ ఆ వాదనను కొట్టేసి సంస్థ చేతే పరిహారం ఇప్పించింది. ముక్తావళి పద్ధతిలో చెప్పాలంటే చిలుక తప్పు పలికింది, తాత్పర్యం పెంచినవాడికి కట్టారు.

ఇంకొకరి తరఫున మాట మోసే ఈ వ్యవహారం నెల్లూరుకు కొత్తేమీ కాదు. 13వ శతాబ్దంలో ఇక్కడ మనుమసిద్ధి కొలువులో మంత్రిగా ఉన్న తిక్కన, రాజు గద్దె పోగొట్టుకున్నప్పుడు ఓరుగల్లు వెళ్లి గణపతిదేవుడి సాయం సంపాదించాడని ప్రసిద్ధి. విరాటపర్వం నుంచి 15 పర్వాలు తెనిగించిన ఆయన ఉద్యోగపర్వంలో సంజయుడి రాయబారాన్నీ కృష్ణుడి రాయబారాన్నీ నడిపించాడు. సంజయుడు ధృతరాష్ట్రుడు చెప్పమన్నది చెప్పి వచ్చాడు. కృష్ణుడు సంధి కుదర్చడానికీ, కుదరకపోతే ఏం చెయ్యాలో తేల్చడానికీ వెళ్లాడు. ఇద్దరి మాటకూ వెనక ఉన్న అధికారం ఒకటి కాదు.

కౌటిల్యుడు ఈ తేడాకు కొలత పెట్టాడు. అమాత్యుడికి ఉండాల్సిన గుణాలన్నీ ఉన్నవాడు నిసృష్టార్థుడు, పని మొత్తం అతని చేతికి అప్పగించవచ్చు. అందులో పాతిక వంతు తక్కువైతే పరిమితార్థుడు, చెప్పిన హద్దులోనే మాట్లాడాలి. సగం తక్కువైతే శాసనహరుడు, ఇచ్చిన కబురు మోసుకుపోవాలి, అంతే.

2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవలో ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టుకునే మనిషికి అవతల ఉన్నది శాసనహరుడి లాంటిది. దరఖాస్తును మోసుకుపోతుంది, జవాబును మోసుకొస్తుంది. సంతకం చేసే అధికారి వేరే ఉంటాడు. ప్రపంచంలో ఇప్పుడు జరుగుతున్న పోటీ మాత్రం యంత్రాన్ని ఏజెంట్ అన్న పేరుతో నిసృష్టార్థుడిని చేయడానికి. టికెట్ కొనడం, డబ్బు పంపడం, దరఖాస్తును తిరస్కరించడం దాని చేతికే ఇవ్వడానికి. గుణాల పరీక్ష కంటే ముందే అధికారం చేతికి వస్తోంది. ఏ దరఖాస్తునైనా యంత్రం తిరస్కరించిన రోజున, ఆ కాగితం కింద ఎవరి పేరు ఉంటుందో ముందే రాసిపెట్టుకోకపోతే, అప్పీలు ఎవరికి పెట్టుకోవాలో దరఖాస్తుదారుకే కాదు, కౌంటర్లో కూర్చున్న ఉద్యోగికీ తెలియదు.